మా మిరపనారూ, నా చేతివాసీ

నా చెయ్యి మంచిది కాదని ఒక ఊరు ఊరంతా నమ్మిన నెల రోజుల సంగతి ఇది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నవ్విన వాళ్ళ పళ్ళు రాలగొడదామన్నంత కోపం వచ్చేది. కొత్త కోడలిని కాబట్టి నా పళ్ళే కొరుక్కుని ఊరుకున్నాను.

చెయ్యి మంచిది కాకపోవడమంటే ఏమిటో ఈ కాలం వాళ్ళకు చెప్పాలి. మా వైపు ఇంటికొక విత్తనం చెయ్యి ఉంటుంది. మిరప నారు పోసినా, వంగ నారు పోసినా, కోడిని పొదగేసినా, ఊరగాయ జాడీలో మొదటి పిడికెడు ఉప్పు వేసినా ఆ ఒక్క చెయ్యే వెయ్యాలి. ఆ చేత్తో పోసిన నారు ఏపుగా లేస్తే ఆమెది మంచి చెయ్యి. నారు చచ్చిందా, ఇక ఆ ఆడది కాటికి పోయేదాకా విత్తనం ముట్టకూడదు. ముట్టనివ్వరు. పక్కింట్లో కోడి పొదుగుతుంటే ఆ దారిన కూడా పోనివ్వరు. వంట మాత్రం ఆమే వండాలి, ఎనుమును ఆమే పిండాలి, పేడ ఆమే ఎత్తాలి. వాటికి చేతివాసి అక్కర్లేదు చూశారా!

నేను కణేకల్లు చెరువు కింది ఊరి పిల్లను. చిలమత్తూరు పక్క ఒక మెట్ట ఊరికి కోడలిగా వచ్చాను. యాభైల చివరి మాట. మా పుట్టింట్లో నీళ్ళు కాలవలో పారుతుంటే చూసేవాళ్ళం. అత్తగారింట్లో చెంబులో ఉంటే చూసేవాళ్ళు. ఊరికి అరమైలు దూరంలో మాకొక కపిల బావి, ఎద్దులతో నీళ్ళు తోడేది, ఉండేది. దాని కింద ఎకరా తడి నేల. మిగతాదంతా ఆకాశం వైపు నోరు తెరుచుకుని పడుకున్న చేను. ఆ ఎకరాలో ఏటా మిరప పెట్టేవాళ్ళు. ఇంట్లో ఏడాది పొడుగునా తినే కారమూ, అమ్ముకునే పంటా అదొక్కటే.

ఆ ఇంట్లో ఒక్క నీటిచుక్క ఊరికే నేల మీద పడటం నేను చూడలేదు. చేతులు కడిగిన నీళ్ళు కరేపాకు చెట్టుకు. బియ్యం కడిగిన కడుగు ఎనుముకు. పసిబిడ్డకు పోసిన నీళ్ళు గుమ్మడి పాదుకు. చుట్టం వస్తే చెంబు నిండా నీళ్ళిచ్చి, మర్యాదగా పక్కకు తిరిగి, వాడు ఎంత మిగిల్చాడో ఓరకంట చూసేవాళ్ళు. సగం మిగిల్చి పారబోసిన పెళ్ళిచూపుల పిల్లాడికి మా వాళ్ళు పిల్లనివ్వలేదని ఒక కథ కూడా ఉంది. అది నిజమో కాదో గానీ, అత్త దాన్ని నాకు నాలుగుసార్లు చెప్పింది.

ఇంట్లో మేము ఐదుగురం. మామ, అత్త, నా మొగుడు, నేను, మామ తల్లి అయిన అవ్వ. ఆ ఇంటి విత్తనం చెయ్యి అవ్వది. మూడు ఊళ్ళలో పేరున్న చెయ్యి. అయితే నేను కాపురానికి వచ్చిన రెండో ఏటికి అవ్వ కళ్ళకు పొర కమ్మి చూపు పోయింది. విత్తనం పక్కన పడిందో మడిలో పడిందో తెలియని స్థితి. మరి నారు ఎవరు పొయ్యాలి? వరసకు అత్త పొయ్యాలి. కానీ అత్త ఆ మాట ఎత్తగానే నడుము పట్టుకునేది.

"నాకు వంగేకి గాదు. నడుము పట్టేసినాది" అనేది.

ఆ నడుమే రోజూ రెండు బిందెలు నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని అరమైలు నడిచొచ్చేది. నేను అడగలేదు. కొత్త కోడలు అడగకూడని వాటి జాబితా అప్పటికే చాలా పొడుగు.

"మరి నేను పోస్తానత్తా. మా ఊర్లో నారు పోసేకి మా అమ్మనే పిలుస్తారు. మాకు నారు చావడమంటే ఏందో తెలీదు" అన్నాను.

నోరు జారడమంటే ఇదే. ఆ మాట అనకుండా ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

విత్తనాలు ఎండు సొరకాయ బుర్రలో ఉండేవి. ఇంటి వెనక, వంటింటి గుమ్మానికీ మామ కూర్చునే మంచానికీ మధ్య, రెండు మంచాలంత జాగా తవ్వి మడి చేశాం. కోళ్ళు రాకుండా చుట్టూ ముళ్ళకంప. పొద్దున్నే తలస్నానం చేసి, తూర్పుకు తిరిగి కూర్చుని, గింజల్లో బూడిద కలిపి చల్లాను. చల్లినంతసేపూ నోరు విప్పకూడదని పద్ధతి. నోరు విప్పితే గింజ పలకదట. నేను విప్పలేదు. అవ్వ మంచం మీది నుంచి "చల్లినావామే? చల్లినావామే?" అని పదిసార్లు అడిగినా పెదవి కదపలేదు. చివరికి అత్తే "చల్లింది లే అత్తా, మూగదైపోయింది" అని అరిచింది.

ఎనిమిదో రోజుకు పచ్చగా మొలకలు లేచాయి. మడి నిండా రెండేసి ఆకులు. నేను ఆ ఊళ్ళో తల పైకెత్తి నడిచిన రోజులు సరిగ్గా నాలుగు. ఐదో రోజు పొద్దున చూస్తే మడి మధ్యలో అరచేయంత మేర మొలకలు పక్కకు వాలి పడుకున్నాయి. ఆకు పచ్చగానే ఉంది. కాడ మాత్రం నేల దగ్గర దారంలా సన్నబడి మెత్తగా కుళ్ళిపోయింది. మర్నాటికి అరచేయంత మేర చేటంత అయింది. దానికి పక్కన ఇంకోటి, ఇంకోటి.

"దిష్టి" అంది అవ్వ, కంటితో చూడకుండానే. "మూడూర్ల కండ్లు పడినాయి."

దిష్టికి మందేమిటి? ఎండు మిరపకాయలు. సరే, ఏడు మిరపకాయలు, గుప్పెడు ఉప్పు తెచ్చి, మిరపనారు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేశారు. నాకైతే ఆ చంటి మొలకల ముందు వాటి అవ్వా తాతలను కాల్చినట్టనిపించింది. ఘాటుకు మేము ఐదుగురం, పక్కింటి వాళ్ళూ, ఎనుమూ కలిసి దగ్గాం. దగ్గనిది నారొక్కటే. అది పడుకునే ఉంది.

మామ ఎండ దెబ్బ అన్నాడు. దానికి మందు తడి. నా మొగుడు చీమలన్నాడు. చీమలకు వేపాకు కషాయం కాచి పోశాడు. అవ్వ గోమూత్రం కలిపిన నీళ్ళు చిలకరించమంది. అత్త పేడనీళ్ళు పోయించింది. ఇన్ని మందులు తాగిన నారు పదిహేనో రోజుకు ఒక్క మొక్క మిగలకుండా నేలకు అతుక్కుపోయింది.

ఊళ్ళో ఆడవాళ్ళు పరామర్శకు వచ్చారు. నారు చస్తే కూడా పరామర్శ ఉంటుందని నాకు తెలియదు. ఒకామె మడి చూసి, నా చెయ్యి చూసి, "పాపం, పిల్ల బాగానే ఉండాది గదా" అంది. అంటే మిగతాదంతా బాగానే ఉంది, చెయ్యే బాగాలేదని. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అనలేదు పెద్దలు. వేపాకు కషాయం పోసిన వాళ్ళ చేతుల్ని ఎవరూ చూడలేదు.

బుర్రలో ఇంకా మూడు పిడికిళ్ళ విత్తనం ఉంది. అదే మిగిలింది. కాలం దాటిపోతోంది, ఇంకో నెల పోతే నారు పోసినా ఉపయోగం లేదు. ఎవరింట్లోనైనా అడుగుదామంటే చెయ్యి చెడ్డదన్న ఇంటికి విత్తనమెవరిస్తారు?

అత్త నన్ను కూర్చోబెట్టింది. ఆ రోజు ఆమె గొంతులో తిట్టు లేదు. దాంతో నాకు మరీ భయమేసింది.

"చూడు మే. ఇంగొకసారి నువ్వే చల్లు. ఈసారి గిన సచ్చిందనుకో, నేనేం జేసేకి లేదు. మీ అవ్వ నిన్ను ఇంక విత్తనం ముట్టనీదు. పేరు పడితే పోదు మే. సచ్చేదాకా పోదు."

"నేనేం తప్పు చేసినానత్తా?"

"తప్పు జేసినోల్లకే పేరు పడుతుందా యాడన్నా?" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రంతా ఏడ్చానని చెప్పను, అలసిపోయి నిద్రపోయాను. కానీ పొద్దున లేచి నా అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్న మాట నిజం. పుట్టబోయే బిడ్డకు నేను నీళ్ళు పోస్తే కూడా పక్కన నిలబడి చూస్తారేమో అనిపించింది. అప్పటికి నాకు పిల్లల్లేరు. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

రెండు పిడికిళ్ళు చల్లాను. ఒక పిడికెడు బుర్రలోనే ఉంచాను. విత్తనం బుర్రను అడుగంటా ఊడ్చకూడదని మా అమ్మ చెప్పిన మాట. ఈసారి కూడా ఎనిమిదో రోజుకు మొలకలు లేచాయి. సరిగ్గా మొన్నటిలాగే పన్నెండో రోజుకు ఒక మూల అరచేయంత మేర పడుకున్నాయి.

అదే రోజు దేవుడు పంపినట్టు సైకిలు మీద గ్రామసేవకుడు, రైతులకు సలహాలు చెప్పే సర్కారు మనిషి, వచ్చాడు. బ్లాకు ఆఫీసులు కొత్తగా పెట్టిన రోజులు. ఈయన కోస్తా జిల్లా కుర్రవాడు. మూతి మీద మీసం ఇంకా నారుమడి దశలోనే ఉంది. ఊళ్ళో ఎవరూ ఆయన మాట వినరు. అందుకే ఎవరు పిలిచినా పరుగున వస్తాడు. నేను మా ఇంటి వెనక్కు పిలుచుకొచ్చి మడి చూపించాను.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక మొలక పీకి కాడ చూశాడు. తర్వాత మట్టిలో వేలు గుచ్చాడు. వేలు సగం దాకా దిగబడింది.

"నారుకుళ్ళు అమ్మా. బూజు తెగులు. తడి ఎక్కువైతే వస్తుంది. రోజుకు ఎన్నిసార్లు పోస్తున్నారు?"

"పొద్దున ఒక చెంబు. అంతే" అన్నాను.

"ఒక చెంబుకు ఇంత బురద కాదే" అన్నాడు.

నాకు కోపం నషాళానికి అంటింది. "అబద్ధం చెప్పేకి నాకేం అవసరం సార్? మా ఇంట్లో నీళ్ళు నాలుగు చెంబులు ఎక్కువై పోసుకుంటారనుకున్నారా?" అన్నాను.

మంచం మీద మామ పకపకా నవ్వాడు. "ఏమప్పా, మీ గోదారి అనుకున్నావా ఇది? ఈడ మనుషులకే తాగేకి నీల్లు ల్యావు. నీల్లెక్కువై సచ్చినాయంటే వినేటోల్లు నవ్విపోతారు. రేపు అన్నం ఎక్కువై కరువొచ్చిందంటావు."

ఆ నవ్వు ఊరంతా పాకింది. అనంతపురం జిల్లాలో నీళ్ళెక్కువై మిరపనారు చచ్చిందట అని సంత దాకా పోయింది. హిందూపురం సంతలో సున్నం అమ్మే సాయిబు మా ఆయనను చూసి, "ఏమన్నా, మీ ఇంట్ల వరద తగ్గిందా?" అని అడిగాడట. ఆయన నవ్వలేక, ఏడవలేక సున్నం కొనుక్కుని వచ్చాడు.

సున్నం ఎందుకంటే, గ్రామసేవకుడు మందు చెప్పాడు. మైలతుత్తం నీళ్ళలో కరిగించాలి, సున్నం వేరే కలపాలి, రెండూ కలిపి మడికి పొయ్యాలి. ఇనుప పాత్ర పనికిరాదు, తుత్తం దాన్ని తినేసి మందు చెడిపోతుంది. మట్టి కుండగానీ, రాగి పాత్రగానీ కావాలి. మట్టి కుండలన్నిటిలో నీళ్ళున్నాయి, ఖాళీ చెయ్యడం మా ఇంట్లో పాపం. ఇక మిగిలింది అత్త పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన రాగి బిందె. అత్త దాన్ని చింతపండుతో తోమి దేవుడి గూటి పక్కన పెట్టుకునేది. అందులో నీళ్ళు కూడా పొయ్యదు.

"అది విషం గదయ్యా" అంది అత్త, ఆయన తెచ్చిన నీలం గడ్డలు చూసి. "పుండ్లకు పూసేది. నా బిందెలోనా?"

"కడిగేస్తే పోతుందమ్మా."

"కడిగేకి మల్లా నీల్లు ఎవరిస్తారు, మీ నాయనా?"

గ్రామసేవకుడి ముఖం వాడిపోయింది. అయినా అత్త ఆ గొణుగుడు ఆపకుండానే బిందె తెచ్చి దబ్బున ఆయన ముందు పెట్టింది. తిడుతూ ఇవ్వడం ఆమె పద్ధతి. అన్నం కూడా అలాగే పెట్టేది.

నీలం నీళ్ళూ సున్నం నీళ్ళూ కలిశాయి. ఆయన మా కొడవలి అడిగి బాగా రుద్ది, మందులో ముంచి కాసేపుంచి తీశాడు. కొడవలి మొన ఎర్రగా రాగి పూత పట్టింది.

"చూశారా, ఎరుపొచ్చింది. సున్నం చాలలేదు. ఇలాగే పోస్తే మొక్క మాడుతుంది."

ఇంకొంచెం సున్నం వేసి మళ్ళీ ముంచాడు. ఈసారి కొడవలి తెల్లగానే వచ్చింది. ఆ విద్య మామకు భలే నచ్చింది. అప్పటిదాకా నవ్విన మనిషి కొడవలి లాక్కుని తనూ నాలుగుసార్లు ముంచి చూశాడు. పక్కింటి వాళ్ళను పిలిచి ముంచి చూపించాడు. వాళ్ళు తమ కొడవళ్ళు తెచ్చుకున్నారు. కాసేపటికి మా ఇంటి వెనక కొడవళ్ళతో పదిమంది, పోలీసులు చూస్తే ఫ్యాక్షన్ అనుకుని పట్టుకుపోయేటట్టున్నారు.

కుళ్ళిన మొలకల్ని మట్టితో సహా తీసేశాం. మడి చుట్టూ నీరు జారడానికి చిన్న కాలవ తీశాం. మందు పోశాం. వెళ్తూ వెళ్తూ గ్రామసేవకుడు నాతో మెల్లగా అన్నాడు. "మూడు రోజులు చుక్క నీరు పొయ్యకండి. మట్టి ఆరాలి. ఆరితే బతుకుతుంది. మీ చేతికేం కాలేదమ్మా, తడితోనే వచ్చింది."

నా చేతికేం కాలేదని ఆ ఊళ్ళో అన్న మొదటి మనిషి ఆయనే. నాకు ఏడుపొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని, సున్నం ఘాటన్నాను.

మర్నాడు పొద్దున నేను నీళ్ళు పొయ్యలేదు. మధ్యాహ్నం చూస్తే మడి తడిగా ఉంది! రెండో రోజూ పొయ్యలేదు. సాయంత్రం వేలు గుచ్చితే బురద. ఇదేం మాయ? నేల కింద ఊట పడిందా? ఆ ఊళ్ళో నలభై అడుగులు తవ్వితే రాని నీళ్ళు మా వంటింటి వెనక పుట్టుకొస్తాయా? ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగాను.

"నేనా? నాకేం పని?" అన్నాడు మామ.

"కండ్లు లేనిదాన్ని, నేనేడికి పోతా?" అంది అవ్వ.

"చేన్లో సస్తాండా నేను" అన్నాడు మొగుడు.

అత్తయితే అడగక ముందే, "నన్ను అడగద్దు" అంది.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాయం! మూడో రోజు మధ్యాహ్నం తిండి కాగానే బట్టలు ఉతకడానికి బావికి పోతున్నానని చెప్పి, మూట నెత్తిన పెట్టుకుని వీధి మలుపు తిరిగి, చుట్టూ తిరిగొచ్చి గడ్డివామి వెనక కూర్చున్నాను. మడి అక్కడి నుంచి పది అడుగులు.

మొదట మామ వచ్చాడు. చెయ్యి కడుక్కున్న చెంబులో మిగిలినవి పట్టుకుని, అటూ ఇటూ చూసి, కంప మీదుగా వంగి మడిలో వంపాడు. ఏమీ ఎరగనట్టు మంచమెక్కి గురక పెట్టాడు. నిమిషంలో గురక రావడం నేనెక్కడా చూడలేదు.

తర్వాత అవ్వ. కర్ర తాటిస్తూ, కంప తడుముకుంటూ వచ్చింది. తను తాగే చెంబులో సగం తాగి, సగం దాచుకుని తెచ్చింది. "తాగండమ్మా, తాగండి. ఎండలు శానా ఉండాయి" అని పోసింది. కళ్ళు లేకపోయినా ఒక్క చుక్క మడి బయట పడలేదు. అంత గురి!

ఆ తర్వాత చేన్లో చస్తున్న నా మొగుడు. బావి దగ్గర తువ్వాలు ముంచుకుని, నెత్తిన వేసుకుని, కారకుండా జాగ్రత్తగా అరమైలు నడిచొచ్చి, ఆ తువ్వాలును మడి మీద పిండాడు. పూర్తిగా పిండాడు. రెండోసారి మెలిపెట్టి మళ్ళీ పిండాడు. పెళ్ళయి రెండేళ్ళయినా నాకొక మూర పూలు తెచ్చిన మనిషి కాదు. అక్కడే నవ్వాలో, లేచి తువ్వాలుతో ఒకటి వెయ్యాలో తెలియలేదు.

చివరికి అత్త వచ్చింది. నిండు కుండ చంకన పెట్టుకుని వచ్చింది. ఎనుముకు పోసే కడుగు! పదిహేను రోజులుగా ఎనుము కడుగు చాలక అరుస్తోంది, పాలు తగ్గాయి, నేనే సరిగ్గా చూడటం లేదని తిట్లు తిన్నాను. ఆ కుండ కుండంతా మడిలో పోసింది. పోస్తూ మాట్లాడుతోంది.

"బతకండే తల్లుల్లారా. ఈ ఒక్కసారికి బతకండి. పిల్లకు పేరు పెట్టద్దండి. నన్నన్నట్ల దాన్ని అనకూడదు."

నేను వామి వెనక నుంచి లేచాను. నెత్తి నిండా గడ్డి. అత్త నన్ను చూసి కుండ వెనక్కు దాచుకుంది.

"నీల్లు గాదు మే! కడుగు!" అంది.

నాకు ఎక్కడ లేని గొంతు వచ్చింది. "లేవండి అందరూ!" అని అరిచాను. మామ గురక టక్కున ఆగింది. తువ్వాలు ఆరేసుకుంటున్న మొగుడు అక్కడే బిగుసుకుపోయాడు. నేను కొత్త కోడలిననీ, వాళ్ళు పెద్దవాళ్ళనీ నాకు గుర్తు రాలేదు.

"నేనొక చెంబు పోస్తే సార్ నన్ను నమ్మలేదు. మామా, నువ్వొక చెంబు. అవ్వా, నువ్వొక అరచెంబు. ఈ మహరాజు ఒక తువ్వాలు. అత్తా, నువ్వు కుండెడు! ఎన్నిరోజుల్నుంచి?"

"విత్తనం చల్లిన కాన్నుంచి" అన్నాడు మామ నేల చూస్తూ. "ఒక చెంబుకే సస్తాయా అనుకుంటి."

"నేనూ అట్లే అనుకుంటి" అన్నాడు మొగుడు. "నీ చెయ్యి చెడ్డదంటాండారు గదా, రవంత ఎక్కువ తడి తగిల్తే..." అని ఆగిపోయాడు.

అందరూ నా కోసమే పోశారు. ఒకరికి తెలియకుండా ఒకరు, తాగే నీళ్ళలో మిగిల్చి మరీ పోశారు. ఇంత ప్రేమ కడుపులో పెట్టుకుని పైకి నా చెయ్యి చూసి మొహం తిప్పుకున్న మనుషుల్ని ఏమనాలి? నాకు నిజంగా కోపం వచ్చింది. నిజంగా సంతోషమూ వేసింది. రెండూ ఒకేసారి వచ్చి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

ఎక్కిళ్ళ మధ్యే అడిగాను. "అత్తా, నన్నన్నట్ల అన్నావే. నిన్నేమన్నారు?"

అత్త కుండ కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. అవ్వే మంచం మీది నుంచి చెప్పింది.

"దాని చెయ్యి మంచిది కాదని నేనే అంటి. అది కాపురానికొచ్చిన ఏడు. చల్లిన నారంతా ఇట్లే పండుకునె. ఆ పొద్దు నుంచి విత్తనం ముట్టనీలే."

ఇరవై ఐదేళ్ళు! నడుము నొప్పి ఏమిటో అప్పుడర్థమైంది నాకు. ఇరవై ఐదేళ్ళపాటు పిల్లల బువ్వలోకి ఊరగాయ కలిపి, ఊరగాయ జాడీ మాత్రం ముట్టని మనిషి. తన కోళ్ళను తను పొదగెయ్యలేక అవ్వను పిలుచుకునే మనిషి.

అత్త మెల్లగా మంచం దగ్గరికి నడిచింది. నేను ఆమె గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"అత్తా. ఆ పొద్దు నా నారుకు నువ్వు నీల్లు పోసినావా?"

అవ్వ కర్రతో నేల మీద గీస్తూ కూర్చుంది.

"పోస్తి మే" అంది చివరికి. "చిన్నపిల్లవి, పేరు పోతుందని పోస్తి. మీ మామా పోసె. నాకు తెల్సు, చూస్తి."

అత్త అక్కడే చతికిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి నిలబడి మమ్మల్నందరినీ తిట్టడం మొదలుపెట్టింది. బతికున్న అవ్వను, చచ్చిపోయిన తన మామను, మా మామను, కొడుకును, నన్ను, ఇరవై ఐదేళ్ళ ముందే ఎందుకు పుట్టి చావలేదని ఆ గ్రామసేవకుణ్ణి, ఎవరినీ వదల్లేదు. ఇంట్లోని చెంబులన్నీ ఏరి కొట్టుగదిలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి తాళిబొట్టుకు కట్టుకుంది. ఆ వారమంతా మేము నీళ్ళు తాగాలంటే అత్తను అడిగి ఆమె ఎదురుగానే తాగాల్సి వచ్చింది.

మడి ఆరింది. ఇంకోసారి మందు పోశాం. సగం నారు పోయినా సగం నిలబడింది, ముదురాకులు వేసింది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు చూడటానికి మళ్ళీ వచ్చారు. నా చేతిని చూసినామె ఈసారి నారు చూసి, "మందు మంచిది" అంది. పోనీలే, చెడ్డదనలేదు కదా!

అప్పుడు నేను సొరబుర్ర తెచ్చి అత్త ఒళ్ళో పెట్టాను. మిగిలిన పిడికెడు విత్తనం. నిలిచిన నారు ఎకరాలో సగానికే వస్తుంది, కాలం ఇంకా నాలుగు రోజులుంది.

"నాకు నడుము..." అంది అత్త.

"చల్లు మే" అంది మంచం మీది నుంచి అవ్వ.

అత్త లోపలికి పోయి తలస్నానం చేసింది. ఆ రోజు అప్పటికే ఒకసారి చేసింది. మా ఇంట్లో ఒక మనిషి ఒకే రోజు రెండుసార్లు తలకు పోసుకోవడం అదే మొదలు, ఎవరూ ఒక్క మాట అనలేదు. తూర్పుకు తిరిగి కూర్చుని బూడిద కలిపింది. గింజలు ఒకచోటే పడుతుంటే, ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని చల్లింది. నోరు విప్పలేదు. తెల్లవారి లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఆగని ఆ నోరు అంతసేపు మూసుకుని ఉండటం చూసి ఎనుము కూడా తల తిప్పి చూసింది.

ఎనిమిదో రోజు మొలకలొచ్చాయి. పన్నెండో రోజు ఒక్కటి కూడా వాలలేదు. ఇరవయ్యో రోజున అవ్వ నన్ను పిలిచి మడి దగ్గరికి నడిపించమంది. కూర్చుని, పసిబిడ్డ తల నిమిరినట్టు అరచేత్తో నారు మీద మెల్లగా రాసింది. ఒత్తుగా, నిటారుగా ఉంది నారు. పక్కన అత్త నిలబడి ఉంది. అవ్వ గాలిలో తడిమి తడిమి అత్త కుడిచెయ్యి దొరకబుచ్చుకుంది. రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"నా కండ్లు మొన్న పోలేదు మే" అంది. "అప్పుడే పోయినాయి."

అత్త చెయ్యి వెనక్కు తీసుకోలేదు. కళ్ళల్లో నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. కొంగు నోట్లో కుక్కుకుని, మళ్ళీ తీసి అంది.

"సరేలే, ఆ పక్కకు జరుగు. నారు తొక్కుతాండావు."

అని తనూ గబగబా రెండడుగులు వెనక్కు వేసింది, కన్నీళ్ళు మడిలో పడకుండా.